మేనేజరు గారి కుర్చీ

మొన్న ఆదివారం పొద్దున్నే సామాన్లు మోసేవాళ్లు నలుగురు మా ఇంటికి వచ్చారు. గాజువాకలో నేనింతకాలం అద్దెకున్న ఈ పాత డాబా ఇంటిని పడగొట్టి అయిదంతస్తుల అపార్ట్‌మెంటు కడతారట, అందుకని నేను ఇంకో అయిదంతస్తుల అపార్ట్‌మెంటులోకి పోవాలి. మన వయసు వాళ్లకి ఊళ్లో ఇప్పుడు మిగిలిన ప్రయాణాలు ఇవే కదా, కూల్చబోయే ఇంట్లోంచి ఇంకా కూల్చని ఇంట్లోకి. వచ్చిన నలుగురూ గట్టివాళ్లు. నా ఫ్రిజ్‌ని పూలబుట్ట ఎత్తినట్టు ఎత్తారు, మా నాన్నగారి నాటి ఇనప బీరువాని చంటిపిల్లాణ్ని చంకనేసుకున్నట్టు వేసుకుని మెట్లు దిగారు. అన్నీ అయ్యాక చివరికి భోజనాల బల్లకి అటుపక్కనున్న కుర్చీ దగ్గరికి వచ్చారు. మొదటివాడు ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని ఒంటిచేత్తో దాన్ని లాగాడు. కుర్చీ ఆ లాగుడుని గుర్తించలేదు. ఫోను జేబులో పెట్టి రెండు చేతులా లాగాడు, తర్వాత ఇద్దరు లాగారు, తర్వాత నలుగురూ తలో కాలు పట్టుకుని తాళం వేసుకుంటూ లాగారు. కుర్చీ మాత్రం సింహాచలం కొండలాగ ఉన్నచోటే ఉంది, లాగినవాళ్లే నాలుగు మూలలకీ పోయారు.

వాళ్లలో పెద్దవాడు నుదుటి చెమట తుడుచుకుని నేలమీద చతికిలబడి అడిగాడు. "ఏటి సార్ ఇది, నేల్లోంచి మొలిసిందా? ఎవులు కూకుంటారు దీన్లో?"

మా మేనేజరు అన్నాను. ఆయన పాపం ఇల్లంతా కలయజూశాడు, ఖాళీ గదుల్లోంచి ఏ భారీ మనిషో నడిచివస్తాడనుకున్నట్టు. ఎక్కడున్నారన్నాడు. లేడన్నాను. "అయ్యో" అని తలమీద తువ్వాలు తీసేశాడు. ఆ తువ్వాలు తీసిన మర్యాద చూశాకే ఈ కథ మీకు చెప్పాలనిపించింది.

మేనేజరు అంటే మనిషి కాదు, కుక్క. ఆ సంగతి ముందే చెప్పేస్తే మంచిది.

ఆ కుక్క రాకముందు నేను భోజనం ఎలా చేసేవాణ్నో మీకు తెలియాలి. నేను పెళ్లి చేసుకోలేదు. చేసుకోకూడదని ఒట్టేమీ పెట్టుకోలేదు. మా ఊరి బీచ్‌లో నిలబడితే దూరంగా సముద్రంలో ఓడలు కనిపిస్తాయి, హార్బరులో చోటు దొరక్క లంగరు వేసుకుని రోజుల తరబడి ఎదురుచూస్తుంటాయి. నాకొచ్చిన సంబంధాలూ అలాంటివే. మొదట మా చెల్లెలి పెళ్లి కావాలన్నాం, తర్వాత నాన్నగారికి ఒంట్లో బాగాలేదన్నాం, ఆ తర్వాత ఇంటికి సున్నం వేయించాలన్నాం, ఈలోగా ఒక్కొక్క ఓడా లంగరెత్తుకుని వేరే రేవులకి పోయింది. చివరిది పోయిన రోజున గానీ రేవు ఖాళీ అయిందని నాకు తెలియలేదు. అప్పటికి నా నెత్తిమీద వెంట్రుకలు కూడా ఓడల బాటే పట్టాయి.

పెళ్లవుతుందన్న ధీమాతో కొన్న భోజనాల బల్ల మాత్రం మిగిలింది. దానిమీద నేను బట్టలు ఇస్త్రీ చేసేవాణ్ని. అన్నం మాత్రం వంటగదిలో గట్టు దగ్గర నిలబడి గిన్నెలోంచే తినేవాణ్ని, కంచం కడగాల్సిన బాధ ఎందుకని. నాలుగు ముద్దలు, గ్లాసుడు నీళ్లు, అయిపోయింది. ఆటోనగర్‌లో మా ఇనప పనుల షెడ్డులో అన్నం గంట మోగినప్పుడు నలుగురితో కూర్చుని తినేది ఒక్కటే మనిషి తిండి, ఇంట్లో తినేది లారీకి డీజిలు కొట్టించడం లాంటిది. ఆదివారాలు మరీ దారుణంగా ఉండేవి. ఆదివారం నాడు పొద్దున పాలవాడితో రెండు మాటలు మాట్లాడితే మళ్లీ సోమవారం వాచ్‌మన్ సలాం కొట్టేదాకా నా గొంతు నాకే వినపడేది కాదు. ఒకసారి కుక్కరు కూత పెడితే "వస్తున్నా, వస్తున్నా" అన్నాను పైకే. అన్నాక ఇల్లు మరీ నిశ్శబ్దమైపోయింది.

మా చెల్లెలి కూతురు అప్పట్లో సిటీలో బ్యాంకులో పనిచేసేది. సెలవు రోజుల్లో కొంతమందితో కలిసి వీధుల్లో దెబ్బలు తిన్న కుక్కల్ని పోగుచేసి వైద్యం చేయిస్తుండేది. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆటోలో దిగి, మేడెక్కి వచ్చి, నా ఒళ్లో ఒక పాత దుప్పటి మూట పెట్టింది. మూటకి రెండు కళ్లున్నాయి. నాలుగు రోజులు ఉంచుకో మావయ్యా చాలంది. మా వంశంలో నాలుగు రోజులకని వచ్చినవాళ్లెవరూ నాలుగు రోజుల్లో పోలేదని నాకు తెలుసు, అయినా ఆ మూట నా చొక్కా బొత్తాం వాసన చూస్తుంటే ఏమీ అనలేకపోయాను.

దాన్ని ఫిషింగ్ హార్బరు దగ్గర పట్టుకున్నారట. ప్రపంచంలోని చేపలన్నీ వచ్చిపడే చోట ఆ కుక్క ఆకలితో చస్తోంది. ఎక్స్‌రే అక్కర్లేదు, ఎండలో నిలబెడితే ఎముకలన్నీ లెక్కపెట్టచ్చు. తోక దగ్గర మొదలుపెట్టి ముక్కుదాకా అస్థిపంజరం మీద ఎవరో గోధుమరంగు ఇస్త్రీచొక్కా తొడిగినట్టుండేది. తినకపోవడం దాని జబ్బు కాదు. ఆబగా తినేది, తిన్నదంతా తిన్నది తిన్నట్టే బయటికి వచ్చేది, నీళ్లు కూడా. పశువుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళితే ఆవిడ ఎక్స్‌రే ఫిల్ము వెలుతురుకి పట్టి చూపించారు. మామూలుగా అన్నవాహిక ముద్దని పట్టుకుని పొట్టలోకి నెడుతుందట, దీని అన్నవాహిక పాత సైకిలు ట్యూబులా సాగిపోయింది, దానికి నెట్టే ఓపిక లేదు. అందుకని ఈ కుక్క మనిషిలా నిటారుగా కూర్చుని తినాలి, తిన్నాక కూడా అరగంట అలాగే కూర్చోవాలి, అప్పుడు ముద్ద దానంతటదే కిందకి జారుతుంది. పడుకుని తిన్నా, తిని పడుకున్నా తిండి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఎన్నాళ్లిలా అని అడిగాను. ఉన్నన్నాళ్లూ అన్నారావిడ. కుక్కల్ని చేరదీసే చోట అన్ని కుక్కలుండగా దీన్నొక్కదాన్ని రోజుకి మూడుపూటలా ఎత్తి పట్టుకుని కూర్చునేవాళ్లు లేరనీ, ఎవరూ కూర్చోకపోతే ఇది ఎక్కువకాలం బతకదనీ మా మేనకోడలు నా మొహం చూడకుండా గోడకి చెప్పింది.

రోజుకి మూడుపూటలా అరగంట కూర్చోగలిగే తీరిక ఈ విశాఖపట్నంలో ఎవరికుంటుంది? నాకు తప్ప.

మొదటి వారం దాన్ని బిడ్డలా భుజానికి నిలబెట్టి పట్టుకుని తినిపించాను. మెత్తగా ఉడికించిన కోడిమాంసమూ, మావైపు చోడిపిండి అనే రాగిపిండీ కలిపి ముద్దలు, నీళ్లకి బదులు చైనాగ్రాసు వేసి గడ్డకట్టించిన ముక్కలు, అచ్చం తాటిముంజల్లా. రోజూ మధ్యాహ్నం స్కూటరు మీద ఇంటికొచ్చి వెళ్లేవాణ్ని. వారం తిరిగేసరికి నా ఎడమ భుజం కుడి భుజం కన్నా జానెడు కిందకి దిగిపోయింది, చొక్కాలన్నీ చోడంబలి వాసన, షెడ్డులో నా పక్కన కూర్చునేవాళ్లు ఒక్కొక్కరే జరిగి కూర్చోవడం మొదలుపెట్టారు.

జరగని మనిషి ఒక్కడే, మా ఫోర్‌మన్ బావ. బావ అంటే చుట్టం కాదు, మా వైపు పక్కన నిలబడ్డ ప్రతి మగవాడూ బావే. సంగతంతా విని కాసేపు గడ్డం గోక్కుని అన్నాడు. "కుక్కకి కుర్సీ కావాలంతావు. ఆడెంత బరువుంతాడు?"

పది పన్నెండు కేజీలు ఉంటాడేమో అన్నాను.

"అయితే అరటన్నుకి సేసీద్దాం. రేపు ఆడు బలిసి గెంతులేత్తే?"

ఇక్కడ మీకు మా షెడ్డు గురించి చెప్పాలి. మేము చుట్టుపక్కల ఫ్యాక్టరీలకి ట్యాంకులూ, బొగ్గు జారే తొట్లూ, ఇనప మెట్లూ తయారుచేసేవాళ్లం. నేను స్టోర్సులో ఉండేవాణ్ని. మావాళ్లకి చిన్నదంటూ ఒకటి ఈ సృష్టిలో ఉంటుందని తెలీదు. పిచ్చిక వాలడానికి పుల్ల కావాలంటే రైలుపట్టా వేసి, ఊగకుండా రెండువైపులా దూలాలు బిగించే రకం. ఓనరు గారిని అడిగితే తుక్కులోంచి ముక్కలు తీసుకోమన్నారు. ఆ మాట బయటపడగానే ఇరవైమంది పనివాళ్లు అన్నాలు మానేసి కుర్చీమీద పడ్డారు. వంతెనలకి వేసే చానల్ ముక్కలతో కాళ్లు, బాయిలరు రేకుతో వీపు, కుక్క ముందుకి తూలకుండా ఛాతీకి అడ్డంగా కడ్డీ, ఆ కడ్డీకి గడియ. ఒక్కొక్క అతుకు మూడుసార్లు వెల్డింగు చేసి, పగులేమైనా ఉందేమోనని ఎర్రమందు పూసి పరీక్షించారు. కిందకోటు, పైన పసుపు రంగు, అంచులకి క్రేన్లకి వేసినట్టు నల్లచారలు. చివరికి ఫోర్‌మన్ బావా, గ్యాస్ కటింగు చేసే ఇంకో బావా, ఇద్దరూ కలిపి రెండు క్వింటాళ్లకి తక్కువ కాని మనుషులు, అందులో ఇరుక్కుని కూర్చుని లోడు టెస్టు చేశారు. కడ్డీ గడియ పడిపోయి వాళ్లని బయటికి తీయడానికి అరపూట పట్టింది. బయటికొచ్చాక బావ ఎంతో తృప్తిగా, సరుకు పాసయిందన్నాడు.

షెడ్డులో ఏ సరుకు తయారైనా గేటు దాటే ముందు కుంకుమ పెట్టి, నిమ్మకాయ లారీ చక్రం కింద నలిపించి, కొబ్బరికాయ కొట్టి పంపడం మా ఆచారం. కుర్చీకీ అన్నీ చేశారు. ఏ కుక్కకీ జరగని వైభవంతో అది మినీలారీ ఎక్కి మా వీధిలోకి వచ్చింది. వచ్చాక తెలిసింది, అది మెట్లమీంచి ఎక్కదని. అక్కడున్న ఇరవైమందిలో ఒక్కడు కూడా, దాన్ని తయారుచేస్తున్నప్పుడు, ఇది ఒక ఇంట్లోకి వెళ్లాలనే ఆలోచన చెయ్యలేదు. మావాళ్లు చేసినవన్నీ ఫ్యాక్టరీల్లోకి క్రేన్ల మీద వెళతాయి, ఇల్లన్నదాన్ని వాళ్లెప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు.

సరే, డాబా మీద దూలం వేసి, చైన్ బ్లాకు కట్టి, వీధంతా నిలబడి చూస్తుండగా కుర్చీని గాల్లోకి ఎత్తారు. కింది వాటాలో ఇంటావిడ, నేను పిన్నిగారు అని పిలుస్తాను, బయటికొచ్చి తన నెత్తిమీద వేలాడుతున్న పసుపు నల్లచారల సింహాసనాన్ని చూసి రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నారు. "ఓలమ్మా! నా సన్‌సేడు! ఒరే దింపండ్రా, మీ సెయ్యిలు పడిపోనూ!" దింపలేదు. బాల్కనీ తలుపు చెక్కలూడదీసి లోపలికి తోశారు. భోజనాల బల్లకి అటువైపు వచ్చి కూర్చుంది కుర్చీ, ఇంక అక్కడినుంచి అంగుళం కదలనంది. నేను దాన్ని వంటింట్లో మూల పెట్టుకుందామనుకున్నాను. బావ నడుం మీద చెయ్యి వేసుకుని, దాన్నీ బల్లనీ నన్నూ చూసి, దాని పొజిషను అదేనని తేల్చేశాడు.

అలా, కేవలం బరువు వల్ల, నా జీవితంలో ఎదురుగా ఒక కుర్చీ వచ్చింది.

ఆ సాయంత్రం కుక్కని అందులో కూర్చోబెట్టి కడ్డీ వేశాను. పుట్టినప్పటినుంచీ అక్కడే కూర్చున్నట్టు ముందుకాళ్లు రెండూ కడ్డీమీద పెట్టుకుని ఠీవిగా కూర్చుంది. ముద్దలు తినిపించి, అలవాటుగా నా తిండి నేను తిందామని వంటగదిలోకి వెళ్లాను. గట్టుదగ్గర నిలబడి గిన్నె చేత్తో పట్టుకునేసరికి వెనకనుంచి మూలుగు. మెడ వెనక్కి తిప్పి, కడ్డీలోంచి సగం బయటికొచ్చి నన్ను వెతుకుతోంది. అది మెలికలు తిరిగితే తిన్నది పైకి వచ్చేస్తుంది. చేసేదేముంది, ఇస్త్రీపెట్టె తీసి పక్కన పెట్టి, మంచం కింద నుంచి కంచం వెతికి, దుమ్ము కడిగి, అన్నం పెట్టుకుని, బల్లకి ఇటుపక్క కూర్చున్నాను. అది వెంటనే నిమ్మళించింది. నా ప్రతి ముద్దనీ కంచంనుంచి నోటిదాకా సాగనంపుతూ కూర్చుంది.

తినడం అయిపోయింది. అరగంట మిగిలింది.

మీరెప్పుడైనా ఏ పనీ లేకుండా ఒక ప్రాణికి ఎదురుగా అరగంట కూర్చున్నారా? మొదట్లో ఎటు చూడాలో తెలీదు. పేపరు చదివి వినిపించాను. వార్తలు దానికి నచ్చలేదు. తర్వాత షెడ్డు కబుర్లు చెప్పాను, ఏ సరుకు వచ్చింది, ఎవరు ఎవరితో పోట్లాడారు. అవి నచ్చాయి. నెల తిరిగేసరికి ఎవరికీ చెప్పని సంగతులు చెబుతున్నాను, చివరి ఓడ లంగరెత్తిన సంగతితో సహా. మధ్యలో ఆపితే చెవి నిక్కబొడిచేది, తర్వాతేమైందన్నట్టు. తర్వాతేమైందని నన్నెవరైనా అడిగి ఎన్నేళ్లయిందో నాకే తెలీదు.

ఫోర్‌మన్ బావ ఒకరోజు చూడ్డానికి వచ్చి, అది కూర్చునే తీరు గమనించి పేరు పెట్టాడు. "కుర్సీలో కూకుని తినీసి, తిన్నాక అరగంట కదలకుండా మనమీద కళ్లేసి ఉంచేవోడు మేనేజరు కాక ఎవులు బావా?" దాంతో మేనేజరు అయ్యాడు. అప్పటినుంచి నేను కూడా 'అది' అనడం మానేశాను.

పిన్నిగారికి మాత్రం మేనేజరంటే గిట్టేది కాదు. ఆవిడ భర్త పోర్టులో పనిచేసి పోయారు, కూతురు ఎలమంచిలిలో, ఆవిడా పటంలోని సింహాద్రి అప్పన్నా మాత్రమే ఆ కింది వాటాలో ఉండేవారు. నా మేడమెట్లు ఆవిడ గుమ్మం పక్కనుంచే. కుక్క దిగినప్పుడల్లా పసుపునీళ్లు చల్లేవారు. ఇంట్లోకి కుక్కొస్తే అప్పన్న బాబు ఊరుకోడని నాకు రోజూ హెచ్చరిక. ఆ వర్షాకాలానికి ముందు అచ్యుతాపురంలో ఒక ఫ్యాక్టరీలో పని పడింది మాకు, యంత్రాలన్నీ ఆపేసి మరమ్మతులు చేస్తారు, ఆ రోజుల్లో తెల్లారకముందు బస్సెక్కితే చీకటిపడ్డాకే రావడం. మేనకోడలికి బదిలీ అయి ఊరు విడిచిపోయింది. బావ నాతోపాటే ఆ బస్సులో. మధ్యాహ్నం పూట మేనేజరుకి ఎవరూ లేరు. పొద్దున తిన్నది తప్ప రాత్రిదాకా ఏమీ లేకుండా వాడు ఉండలేడు, వాడి ఒంట్లో నిలవ లేదు. మంచినీళ్లు కూడా కుర్చీ ఎక్కితేనే.

పిన్నిగారి గుమ్మంలో నిలబడి, ఓనరు గారిని జీతం పెంచమని అడిగినప్పటికన్నా వినయంగా అడిగాను. ఆవిడ నన్ను కాదు, నా వెనక మెట్లమీద బుద్ధిగా కూర్చున్న వాణ్ని చూశారు చాలాసేపు. "ముట్టుకోను" అన్నారు చివరికి. "ముట్టుకోనని ముందే సెప్తన్నాను బాబూ. నీ కుర్సీ ఎక్కడం ఆడికి వొచ్చు కదా, ఆడే ఎక్కుతాడు. నాను దూరంనుంచి పెడతాను."

పెళ్లిళ్లలో పులుసు వడ్డించే బారెడు గరిటె ఒకటి ఆవిడ దగ్గర ఉండేది. దానితో బల్లకి ఇవతలనుంచి ముద్దలు అందించేవారట. కడ్డీ గడియ మాత్రం కర్రతో వేసేవారు.

ఒకరోజు పని తొందరగా అయిపోయి మధ్యాహ్నానికే వచ్చేశాను. మెట్లు ఎక్కుతుంటే పైన మాటలు వినిపించాయి. ఎవరో చుట్టాలు వచ్చారనుకున్నాను. గుమ్మంలోంచి చూద్దును కదా, నా చోట్లో పిన్నిగారు కూర్చున్నారు, ముందు ఆవిడ కంచం, ఆవిడ అన్నం, ఆవిడ చింతచిగురు పప్పు. వాళ్లాయన పోర్టులో ఓడ దిగిన విదేశీయుడికి ఆవకాయ తినిపించిన కథ చెబుతున్నారు మేనేజరుకి. గరిటె గోడకి ఆనించి ఉంది. చేత్తోనే ముద్ద పెడుతున్నారు. నన్ను చూసి ఉలిక్కిపడి, చెంగు సర్దుకుని, "ఆడొక్కడూ తింతాడా ఏటి, బాగోదని..." అంటూ కంచంలో అన్నం కలుపుకోవడం మొదలుపెట్టారు.

నేను చెప్పులు విడిచి, వంటగదిలోంచి ఇంకో కంచం తెచ్చుకున్నాను. బట్టల స్టూలు లాక్కుని కూర్చున్నాను. ఆ ఇంట్లో ముగ్గురు ఒకేసారి అన్నం తిన్న మొదటిరోజు అది. అచ్యుతాపురం పని అయిపోయినా పిన్నిగారు మధ్యాహ్నాలు పైకి వస్తూనే ఉన్నారు, గరిటె ఇంక కింది వాటాకి దిగలేదు.

ఆ వర్షాకాలంలోనే మేనేజరు చావు దాకా వెళ్లాడు. ముసురు పట్టి బాల్కనీ అంతా నీళ్లు, పిల్లి ఎక్కణ్ణుంచో చేపతలకాయ తెచ్చి అక్కడ వదిలేసింది, వాడు నేలమీదే దాన్ని మింగేసి చల్లగా పడుకున్నాడు. మర్నాటికి జ్వరం, ఊపిరి తీస్తే మా షెడ్డులో పాత కంప్రెసరు చప్పుడు. డాక్టరమ్మ ఊపిరితిత్తుల్లోకి చేరిందన్నారు. ఇంజెక్షన్లు ఇచ్చి, ఇంక మనచేతిలో ఇంతే, ఒకటి రెండు రోజులు చూడాలన్నారు. సెలవు పెట్టి కుర్చీ పక్కనే కూర్చున్నాను. వాడు కడ్డీమీద గడ్డం ఆనించి, కళ్లు మాత్రం నామీద పెట్టి, నేను ఏదైనా చెబుతానేమోనని చూశాడు. అంత వాగుడుకాయని, ఆరోజు వాడి చెవుల వెనక నిమురుతూ కూర్చున్నాను.

పిన్నిగారు పొద్దున్నే తలస్నానం చేసి బస్సెక్కి ఎక్కడికో వెళ్లారు. మధ్యాహ్నం దాటాక తిరిగొచ్చారు, నుదుట కుంకుమ, చేతిలో చందనం పొట్లం. ఎంత అడిగినా చెప్పలేదు. చందనం తీసి వాడి రెండు కళ్ల మధ్యా రాసి, చెయ్యి అక్కడే ఉంచి, అప్పుడు చెప్పారు. సింహాచలం వెళ్లి అర్చన చేయించారట. పూజారి ఎవరి పేరునని అడిగితే మేనేజరు అన్నారట. ఆయన తలెత్తి, పేరమ్మా, ఉద్యోగం కాదు అన్నారట. అదే పేరు బాబూ అని గట్టిగా చెప్పారట. గోత్రం అడిగారట. మా పిన్నిగారు ఒక్కక్షణం కూడా తడుముకోకుండా నా గోత్రం చెప్పేశారు.

"తప్పేటి?" అన్నారు నన్ను కసురుతున్నట్టు. "ఇంటి గోత్రమే ఇంటోడికి."

మా వంశవృక్షం నాతో ఆగిపోయిందని మా బంధువులందరూ పెళ్లిళ్లలోనూ చావుల్లోనూ కూడా నాకు గుర్తుచేస్తూనే ఉంటారు. అప్పన్న సన్నిధిలో, వేదమంత్రాల మధ్య, ఆ వృక్షానికి ఫిషింగ్ హార్బరు నుంచి ఒక కొమ్మ అంటుకట్టి వచ్చారావిడ. నవ్వాలనే అనుకున్నాను. నవ్వు మొదలుపెట్టాను కూడా, అది నవ్వుగా బయటికి రాలేదు.

మందులే పనిచేశాయో, అప్పన్న బాబే చూశాడో, రెండోరోజుకి మేనేజరు ఒక చైనాగ్రాసు ముంజముక్క తిన్నాడు. మరో వారానికి నా కంచంవైపు ఎప్పటిలా మేనేజరు చూపు చూశాడు.

ఆ తర్వాత ఇంకో మూడేళ్లు ఉన్నాడు. అలాంటి జబ్బుతో అన్నేళ్లు ఉండటం గొప్పేనని డాక్టరమ్మ చెబుతుండేవారు. ఆ మూడేళ్లలో నేను నిలబడి ఒక్క మెతుకు తినలేదు. మూతి తెల్లబడింది వాడికి, నాకూ మీసం తెల్లబడింది. ఒక పొద్దున తినడం అయింది, నేను ముందురోజు షెడ్డు సంగతులు చెబుతున్నాను, వాడు కడ్డీమీద తల ఆనించి వింటున్నాడు. అరగంట అయ్యాక గడియ తీసి, "లే మేనేజరూ, డ్యూటీ అయిపోయింది" అన్నాను. లేవలేదు. ఏమాటదాకా విన్నాడో, ఏమాట దగ్గర వెళ్లిపోయాడో నాకిప్పటికీ తెలీదు.

బావ నలుగురు మనుషుల్ని వేసుకుని వచ్చాడు. ఆరోజు ఒక్క హాస్యం కూడా ఆడలేదు. షెడ్డు వెనక వేపచెట్టు పక్కన పెట్టాం. పిన్నిగారు అక్కడిదాకా నడిచివచ్చి, చోడిముద్ద ఒకటి పెట్టి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయారు.

ఆ మరుసటి ఏడు ఆవిడ మోకాళ్లు పనిచెయ్యక ఎలమంచిలి కూతురి దగ్గరికి వెళ్లారు. ఇల్లు బిల్డరుకి ఇచ్చేశారు. ఫోర్‌మన్ బావ రిటైరై అనకాపల్లి దగ్గర వాళ్ల ఊళ్లో బెండకాయలు పండిస్తున్నాడు. వాటిని కూడా ఎంత లావుగా పండిస్తున్నాడో నేను ఊహించుకోగలను. షెడ్డులో ఇప్పుడు అన్నం గంట మోగినా ఎవరి ఫోను ముందు వాళ్లు కూర్చుని తింటారు.

మొన్న సామాన్లవాళ్లు చేతులెత్తేశాక బావకి ఫోను చేశాను. గట్టిగా నవ్వాడు, తన సరుకు ఇంకా ఎవరికీ లొంగనందుకు. కుర్చీ కొత్త ఇంటికి వెళ్లే దారిలేదనీ, అక్కడ లిఫ్టు ఈ బరువు మొయ్యదనీ, బాల్కనీకి ఊచలు బిగించేశారనీ చెప్పాను. గ్యాస్ కట్టరుతో నాలుగు ముక్కలు చేస్తే పోతుంది కదా అని నేనే అన్నాను.

"కొయ్యనిత్తావా బావా?" అన్నాడు మెల్లగా.

ఇవ్వలేదు. మిగతా సామానంతా పంపేసి, సామాన్లవాళ్లలో పెద్దాయన్ని కూడా పంపేసి, హోటలు నుంచి తెచ్చుకున్న పొట్లం విప్పి, నా వైపు నేను నేలమీదే కూర్చుని తిన్నాను. బల్ల అప్పటికే లారీ ఎక్కేసింది. ఎదురుగా వాడి కుర్చీ, అంచుల్లో పసుపు రంగు ఊడి, కడ్డీమీద గడ్డం ఆనించే చోట మాత్రం నున్నగా మెరుస్తూ ఉంది. తినడం అయిపోయింది. నా అన్నవాహికకి ఏ జబ్బూ లేదు, ముద్దని అదే నెట్టుకుంటుంది. అయినా లేవలేదు. షెడ్డు సంగతులు కొన్ని చెప్పాను. అరగంట అయ్యాక కడ్డీ గడియ తీసి, తీసే ఉంచి, మెట్లు దిగాను. ఇల్లు పడగొట్టేవాళ్ల యంత్రం దాన్ని ఎలా కదుపుతుందో నాకు తెలీదు. కదపలేకపోతే బాగుండునని, అయిదంతస్తులూ దాని చుట్టూనే కట్టుకోవాల్సి వస్తే ఇంకా బాగుండునని ఉంది.

కొత్త ఫ్లాటు బాగానే ఉంది. పడగ్గదిలోంచి ఓ మూలకి సముద్రం గీతలా కనిపిస్తుంది, దానిమీద లంగరు వేసిన ఓడలూ కనిపిస్తాయి. వంటగది గట్టు సరిగ్గా నా నడుం ఎత్తుకి వచ్చింది, ముందుకి వంగక్కర్లేదు. నిలబడి తినడానికి చాలా వీలుగా కట్టారు.